ఫిబ్రవరి 29 పుటలో ఏమి రాయాలి?

ప్రశ్న – గోడపత్రిక సంపాదకుడు

ప్రతి తేదీకీ ఆ రోజు జరిగిన సంఘటనలు, ఆ రోజు పుట్టినవారు, ఆ రోజుకు తగిన ఒక పదం చొప్పున గోడపత్రికలో రాసే పనిని రెండేళ్లుగా నేను చూస్తున్నాను. 365 పుటలు పూర్తయ్యాయి; ఫిబ్రవరి 29 మాత్రం మిగిలిపోయింది. 2028లో ఆ తేదీ వచ్చేలోగా దానిని సిద్ధం చేయాలనుకుంటున్నాను. 1896లో ఆ రోజున పుట్టిన మొరార్జీ దేశాయ్ 99 ఏళ్లు నిండిన తరువాత 1995 ఏప్రిల్‌లో మరణించారు కనుక, నాలుగేళ్లకు ఒకటి చొప్పున ఆయనకు 24 అసలు పుట్టినరోజులు వచ్చాయని చిత్తుప్రతిలో రాశాను. దానిని చదివిన మిత్రుడు 23 మాత్రమే అంటున్నారు. ఎవరి లెక్క సరైనది? అదనపు రోజును డిసెంబరు చివర కాకుండా ఫిబ్రవరిలో పెట్టడానికి కారణమేమిటో కూడా ఎవరైనా చెప్పగలరా?

జవాబు – పాతలెక్క

మీ మిత్రుడి లెక్కే సరైనది. 1900 లీపు సంవత్సరం కాదు. సూర్యుని గమనాన్ని బట్టి సంవత్సరం సుమారు 365.2422 రోజులు, జూలియస్ సీజర్ కాలం నాటి పద్ధతిలో దానిని 365.25గా తీసుకోవడం వల్ల ఏటా దాదాపు 11 నిమిషాలు ఎక్కువ పడి, 1582 నాటికి వసంత విషువత్తు (పగలు, రాత్రి సమానమయ్యే రోజు) క్రీ.శ. 325 నాటితో పోలిస్తే పది రోజులు ముందే రాసాగింది. అప్పుడు పోప్ 13వ గ్రెగరీ ఆజ్ఞ మేరకు అక్టోబరు 4 మరునాడు అక్టోబరు 15గా లెక్కించారు. శతాబ్ది సంవత్సరాలలో 400తో భాగింపబడేవి మాత్రమే లీపు సంవత్సరాలని నియమం పెట్టారు. అందుకే 2000కు 29వ తేదీ ఉంది, 1900కు లేదు.

కాబట్టి మొరార్జీ గారికి మొదటి అసలు పుట్టినరోజు ఎనిమిదేళ్లు నిండాక, 1904లో వచ్చింది. మీ పుటకు ప్రాణం ఇక్కడే ఉందని నా అభిప్రాయం, ఎందుకంటే సరిగ్గా ఆ రోజునే, 1904 ఫిబ్రవరి 29న, మదురైలో రుక్మిణీదేవి అరండేల్ జన్మించారు. 1936లో కళాక్షేత్రాన్ని స్థాపించి, భరతనాట్యానికి గౌరవం తెచ్చినవారిలో ముందువరుసలో నిలిచిన ఆమెను, 1977లో ప్రధానమంత్రిగా ఉన్న మొరార్జీ గారే రాష్ట్రపతి పదవికి ప్రతిపాదిస్తామనగా, ఆమె వద్దన్నారు. నాలుగేళ్లకొకసారి వచ్చే తేదీన పుట్టిన ఇద్దరి మధ్య జరిగిన సంగతి ఇది. ఒక్క పెట్టెలో ఇద్దరి బొమ్మలూ వేసి ఇదొక్కటే రాసినా చాలు.

జవాబు – అక్షరసంచి

ఫిబ్రవరి సంగతి నేను చెబుతాను. పూర్వం రోమన్ల సంవత్సరం మార్చితో మొదలయ్యేది. ఫిబ్రవరి చివరి నెల. మిగులును ఎవరైనా చివరనే కదా సర్దుకుంటారు. సీజర్‌కు ముందు కూడా అప్పుడప్పుడూ చేర్చే అదనపు నెలను ఫిబ్రవరి దగ్గరే చొప్పించేవారు. అయితే సీజర్ తరువాత చేర్చిన రోజు 29 కాదు. మార్చి మొదటి తేదీ నుంచి వెనక్కు లెక్కిస్తే ఆరవది అయిన ఫిబ్రవరి 24నే రెండుసార్లు లెక్కించేవారు. ఆ ‘రెండవ ఆరవ రోజు’ పేరే ఫ్రెంచిలో ‘బిసెక్స్‌టీల్’గా, స్పానిషులో ‘బిసియెస్తో’గా ఇప్పటికీ మిగిలింది.

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. అధిక శ్రావణం, నిజ శ్రావణం అని ఒకే పేరు గల నెలను మనం రెండుసార్లు లెక్కించినట్టే, రోమన్లు ఒకే రోజును రెండుసార్లు లెక్కించారు. అందువల్ల ఆ రోజు పదంగా ‘అధికం’ పెట్టమని నా సూచన. ‘లీపు’ అనే మాటకు గెంతడమని అర్థం. మామూలుగా ఒక తేదీ మరుసటి ఏడు వారంలో ఒక్క రోజు మాత్రమే ముందుకు జరుగుతుంది, అంటే సోమవారం ఉన్నది మంగళవారానికి వస్తుంది. నడుమ 29వ తేదీ పడితే మంగళవారాన్ని దాటి బుధవారానికి గెంతుతుంది.

జవాబు – తిథివారాలు

సంఘటనల విషయంలో ఒక హెచ్చరిక. 1504 ఫిబ్రవరి 29న జమైకాలో కొలంబస్ చంద్రగ్రహణాన్ని ముందే చెప్పి అక్కడివారిని భయపెట్టి ఆహారం రాబట్టిన కథ అన్ని జాబితాలలోనూ కనిపిస్తుంది. అది పాత లెక్కలోని 29. ఇప్పటి లెక్కకు మార్చితే మార్చి 10 అవుతుంది. పైగా దానిని తెలివిగా మెచ్చుకోవడం నాకు నచ్చదు. దాని బదులు, 1940లో అదే తేదీన హాటీ మెక్‌డేనియల్ ఆస్కార్ అందుకున్న తొలి నల్లజాతి నటి అయిన విషయం వేయండి.

1812లో ఈ తేదీన పుట్టి 1880లో ఇదే తేదీన మరణించిన టాస్మేనియా (నేటి ఆస్ట్రేలియాలో భాగం) మాజీ ప్రధాని జేమ్స్ మిల్న్ విల్సన్ కూడా ఉన్నారు. ఆయన పోయింది తన 17వ అసలు పుట్టినరోజునే. 1860లో పుట్టిన హెర్మన్ హోలరిత్ రంధ్రాల కార్డులతో 1890 అమెరికా జనగణనను లెక్కించే యంత్రాన్ని రూపొందించారు. అన్నట్టు, ఆయన బాటలో వచ్చిన కంప్యూటర్లలో వాడే ఎక్సెల్ ఇప్పటికీ 1900కు 29వ తేదీ ఉందనే లెక్కిస్తుంది. అంతకుముందున్న అలాంటి లెక్కల ప్రోగ్రామ్ లోటస్ 1-2-3లోని తప్పుతో పొంతన కోసం దానిని అలాగే ఉంచారు. మీ 24 కూడా ఆ కోవలోదే!

గోడపత్రిక సంపాదకుడు

ముగ్గురికీ ధన్యవాదాలు. 24ను కొట్టివేసి 23 చేశాను; కొలంబస్‌ను తీసివేశాను; పదంగా ‘అధికం’ ఖాయం. ఇక ఒక్క సందేహం: మామూలు సంవత్సరాలలో వీరి పేర్లను 28న వేయాలా, మార్చి 1న వేయాలా?

పాతలెక్క

చట్టాలే ఏకాభిప్రాయానికి రాలేదు. వయసు లెక్కకు తైవాన్ 28ని తీసుకుంటే హాంకాంగ్ మార్చి 1ని తీసుకుంటుంది. మీ 28వ పుటలో చోటుంటే అక్కడే వేయండి; పుట్టిన నెలైనా మారకుండా ఉంటుంది.