కారు వెనుక సీటులో వీఆర్ హెడ్‌సెట్: వికారం ఎందుకు కలుగుతోంది?

ప్రశ్న:
ఇంట్లో గంటసేపు వీఆర్ హెడ్‌సెట్ (కళ్లకు తొడుక్కుని కృత్రిమ దృశ్యాలు చూసే పరికరం) పెట్టుకున్నా నాకు ఏ ఇబ్బందీ కలగదు. అయితే మొన్న శ్రీశైలం ఘాట్ రోడ్డులో వెనుక సీటులో కూర్చుని సినిమా చూడబోతే, కారు మలుపు తిరిగిన ప్రతిసారీ తెర పక్కకు జారిపోయి, నాలుగో మలుపుకే నోట్లో నీళ్లూరి కడుపులో తిప్పింది. దీనికి పరిష్కారం ఉందా అండీ?

జవాబు 1:
ఇందులో రెండు సమస్యలు కలిసి ఉన్నాయండీ. లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళికలు మలుపును పసిగడతాయి, కళ్లకు మాత్రం ఆ కదలిక కనబడదు. ఈ పొంతన కుదరకపోవడమే వికారానికి మూలమన్నది బాగా ప్రచారంలో ఉన్న వివరణ. పైగా హెడ్‌సెట్‌లో తిరుగుడును కొలిచే గైరోస్కోప్ అనే సెన్సర్ కారు తిరగడాన్ని మీ తల తిరగడంగా పొరబడుతుంది, కెమెరాలేమో కారు లోపలి భాగాన్ని చూసి కదలికే లేదంటాయి. తెర జారిపోయింది అందుకే.

జవాబు 2:
2024లో మెటా, ఆపిల్ సంస్థలు తమ హెడ్‌సెట్లకు తెచ్చిన ట్రావెల్ మోడ్ (ప్రయాణంలో వాడుకునే సెట్టింగ్) ప్రధానంగా విమాన ప్రయాణాన్ని దృష్టిలో ఉంచుకుని చేసినది కాబట్టి, ఘాట్ రోడ్డులో దాన్ని నమ్ముకోకండి. 2022లో కొన్ని ఆడి కార్లలోకి వచ్చిన హోలోరైడ్ అనే వీఆర్ వ్యవస్థ మాత్రం కారు కదలికల సమాచారం తీసుకుని, కారు ఎటు తిరిగితే దృశ్యాన్నీ అటే తిప్పేది. నా దృష్టిలో సరైన దారి అదే.

జవాబు 3:
నోట్లో నీళ్లూరిన వెంటనే హెడ్‌సెట్ తీసేసి దూరంగా రోడ్డును చూడండి. ఓర్చుకుని కూర్చుంటే వాంతి దాకా వస్తుంది, ఇది నా అనుభవం.