ఇన్సులిన్ పంపు గొట్టం సెట్టు రెండుసార్లు మార్చినా షుగర్ 260 నుంచి దిగడం లేదు

నిద్రలేనిరాత్రి: సాయంత్రం ఏడింటి నుంచి దీనితోనే కుస్తీ. 262, 271, 258. భోంచేసిన గంటకు కూడా 140 దాటకూడదని మా డాక్టరమ్మ చెప్పారు. దిద్దుబాటు బోలస్ (షుగర్ దించే అదనపు ఇన్సులిన్ మోతాదు) మూడుసార్లు ఇచ్చాను. చర్మం కింద ఉండే సన్నగొట్టం, కాన్యులా, వంగిందేమోనని పీకి చూస్తే తిన్నగానే ఉంది. కొత్త సెట్టు వేశాను, నమ్మకం కుదరక ఇంకొకటి వేశాను. వాటి ఖరీదు తలచుకుంటే ఏడుపొస్తోంది. గొట్టంలో బుడగలు లేవు. తిన్నది రెండు పుల్కాలు, బీరకాయ కూర. పంపు పాడైందా? గర్భిణిని, తొందరగా చెప్పండి.

రాగిజావ: అమ్మా, అన్నం మాని పుల్కా తింటే షుగర్ పెరగదనుకోవడమే అసలు పొరపాటు. గోధుమలోనూ పిండిపదార్థమే. మా కోడలికి ఆరో నెలలో షుగర్ వస్తే తిండి సరిచేసి, రోజూ నడిపించాం. కాన్పు కాగానే పోయింది. మీదీ పోతుంది, భయపడకండి.

నిద్రలేనిరాత్రి: నాది కాన్పుతో పోయేది కాదండీ. తొమ్మిదో ఏటి నుంచి టైప్ 1.

మితభాషి: ఎన్నో వారం? కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో పేరుకునే ఆమ్లాలు) చూశారా?

నిద్రలేనిరాత్రి: 31. స్ట్రిప్పులు ఎక్కడో పెట్టాను, వెతుకుతున్నాను.

భాషాభిమాని: పై పెద్దాయన గమనించాలి. 'గర్భధారణ మధుమేహం' అన్న మాట గర్భంతో వచ్చినదానికే. ఈమెది ముందు నుంచీ ఉన్నది. రెంటినీ కలిపేయకూడదు.

రాగిజావ: పేరు ఏదైతే ఏమిటి, చక్కెర చక్కెరే కదా.

భాషాభిమాని: కాదు. ఒకదానిలో ఒంట్లో ఇన్సులిన్ తయారవుతూనే ఉంటుంది, చాలదు అంతే. రెండోదానిలో దాదాపు ఉండదు. పంపు కొన్ని గంటలు ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. మాట తేడా వల్ల వైద్యమే తేడా అవుతుంది.

పాతపంపు: ఆ మూడు దిద్దుబాట్లూ పంపుతోనే ఇచ్చారా? పంపు మీద అనుమానం వచ్చాక పంపుతోనే ఇవ్వడం ఏమిటి? ఇన్సులిన్ పెన్నుతో ఇవ్వాలి. పంపులో ఉండేది త్వరగా పనిచేసే మందు ఒక్కటే, వెనకాల నిలిచి కాసే మందు లేదు. సిరంజి అయితే మూత రంగు చూసుకోండి. మన దగ్గర ఎర్రమూత మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే మందుది, నారింజమూత 100 యూనిట్లుండే మందుది, రెండూ ఒకే దుకాణంలో దొరుకుతాయి. పంపులో పోసే 100 మందును ఎర్రమూత సిరంజిలో పది గీత వరకు లాగితే ఒంట్లోకి పోయేది 25 యూనిట్లు. ఈ సంగతి ఎన్నిసార్లు రాసినా ఎవరూ చదవరు. సీసా ఎండలో పెట్టారా అన్నది కూడా చెప్పండి.

నిద్రలేనిరాత్రి: కీటోన్లు కొద్దిగా ఉన్నాయి. పెన్నుతో ఇచ్చి గంటన్నర అయింది, 249. పైగా పొద్దున బిడ్డ ఊపిరితిత్తులకని వేసిన ఇంజెక్షన్ నొప్పి, ఒక పక్కకు ఒరగలేకపోతున్నాను.

మితభాషి: ఏ ఇంజెక్షన్?

నిద్రలేనిరాత్రి: నెలలు నిండకుండా నొప్పులొస్తే వేసేది. బీటామెథాసోన్. నొప్పులు ఆగాక ఇంటికి పంపారు, రేపు పొద్దున రెండోది. దానికీ పంపుకీ ఏమిటి సంబంధం?

మితభాషి: అది స్టిరాయిడ్. షుగర్ పెంచుతుంది. పంపు బాగానే ఉండి ఉంటుంది. ఆసుపత్రికి ఫోను చేయండి. ఇప్పుడే.

మూడోకాన్పు: ఈ ముక్క మొదట్లోనే చెప్పి ఉంటే రెండు సెట్లు మిగిలేవి చెల్లీ! నాకూ ఇదే జరిగింది. సూది వేసిన కొన్ని గంటలకు మొదలై నాలుగైదు రోజులు ఉంటుంది, రెండోది పడితే ఇంకా ఎక్కుతుంది. నన్ను వార్డులో ఉంచి గంటగంటకూ చూస్తూ బేసల్ (పంపు రోజంతా కొద్దికొద్దిగా ఇచ్చే ఇన్సులిన్) పెంచారు. సొంతంగా పెంచకు. పెంచినదాన్ని మళ్లీ దించడం మరిచిపోతే ఐదో రోజుకు షుగర్ మరీ పడిపోతుంది. కీటోన్లు ఉన్నాయంటున్నావు, గర్భిణులకు 200 దాటకుండానే కీటోయాసిడోసిస్ (కీటోన్లు పెరిగి రక్తం ఆమ్లమయ్యే ప్రాణాపాయం) రావచ్చు. తెల్లవారేదాకా ఆగకు. బిడ్డ కదలిక ఎలా ఉంది?

రాగిజావ: ఈ సూదుల సంగతి మా కోడలికి ఎవరూ చెప్పలేదే. రాగిజావ కూడా పల్చగా తాగితే...

భాషాభిమాని: తాత గారూ, ఇప్పుడు వద్దు.

నిద్రలేనిరాత్రి: చేర్చుకున్నారు. సెలైనూ ఇన్సులినూ ఎక్కిస్తున్నారు, 188. కదులుతోంది. సూది వేసినప్పుడు ఒక్కమాట చెప్పి ఉంటే సరిపోయేది. అందరికీ ధన్యవాదాలు, ఫోను చార్జింగ్ అయిపోతోంది.

పాతపంపు: ఇంతకీ సీసా ఎండలో పెట్టారా లేదా?