"మౌనముగా ఉండవలెను": 1 కొరింథీయులకు 14:34 మీద చర్చ

ప్రశ్న:
స్త్రీలు సంఘంలో వాక్యం చెప్పకూడదనే (బోధించకూడదనే) వాదన వచ్చినప్పుడల్లా, పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలోని ఈ వచనమే తీస్తారు: "స్త్రీలు సంఘములలో మౌనముగా ఉండవలెను... మాటలాడుటకు వారికి సెలవు లేదు." ఇక్కడ మౌనమంటే అసలు నోరే తెరవకూడదనా? "సెలవు" అంటే ఏమిటి? భాష తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు:
సెలవంటే ఇక్కడ అనుమతి, "సెలవిప్పించండి" అంటామే, అదే. చిక్కంతా మౌనం దగ్గరుంది. అధ్యాయాన్ని కాస్త పైనుంచి చదవండి. 28వ వచనంలో భాషలతో, అంటే ఆత్మ ప్రేరణతో వినేవాళ్లకు తెలియని భాషలో, మాట్లాడేవాడి సంగతి: అర్థం చెప్పేవాడు లేకపోతే అతడు "మౌనముగా ఉండవలెను". 30లో ఒకడు ప్రవచిస్తుండగా కూర్చున్న మరొకరికి ఏదైనా బయలుపడితే, మొదటివాడు "మౌనముగా ఉండవలెను". ఆ తర్వాతే 34లో స్త్రీలు. గ్రీకులో మూడుచోట్లా ఒకటే క్రియ, సిగావో. తెలుగు బైబిల్లోనూ మూడుచోట్లా అదే మాట. మొదటి ఇద్దరి నోళ్లు శాశ్వతంగా కట్టేశారని ఎవరూ బోధించరు. మూడోచోట మాత్రం ఆ అర్థం ఎలా వచ్చింది? పైగా ఇదే పత్రిక 11:5లో స్త్రీ "ప్రార్థనచేయునో లేక ప్రవచించునో" అని తల ముసుగు సంగతి ఎత్తాడు పౌలు. ఎలా ప్రవచించాలో చెప్పినవాడు ప్రవచించనేకూడదని అంటాడా?

మరొకరు:
అండీ, మీరు సగమే చెప్పారు. మొదటి రెండుచోట్లా మౌనానికి షరతుంది, 34లో లేదు. "లోబడియుండవలసినదే" అన్నాడు, ధర్మశాస్త్రాన్ని సాక్ష్యంగా చూపాడు. స్త్రీలను తక్కువ చేయాలని నేననడం లేదు. వాక్యాన్ని మన కాలానికి తగ్గట్టు వంచుతున్నామేమోనని నా భయం.

జవాబు:
ఆ భయం న్యాయమైనదే. కానీ 35వ వచనం ఆరంభం చూడండి: "నేర్చుకొనగోరినయెడల, ఇంట తమ తమ భర్తల నడుగవలెను." అంటే కూటం మధ్యలో ప్రశ్నలు వేయడం గురించిన మాట, బోధ గురించి కాదు. కొన్ని పాత రాతప్రతుల్లో 34, 35 వచనాలు 40 తర్వాత కనిపిస్తాయి. అవి తర్వాత ఎవరో చేర్చినవని గార్డన్ ఫీ లాంటి పండితులు వాదించారు. నేను అంతదూరం వెళ్లను, ఎందుకంటే అవి అసలే లేని ప్రతి ఏదీ దొరకలేదు.

1 తిమోతి 2:12లోనూ "మౌనముగా" అనే ఉంది, కానీ అక్కడి గ్రీకు మాట వేరు, హెసుఖియా. అదే మాట 2 థెస్సలొనీకయులకు 3:12లో వస్తే మన తెలుగు అనువాదకులు "నెమ్మదిగా పని చేయుచు" అని రాశారు. మగవాళ్లు కూడా ఉన్నచోట నెమ్మది, స్త్రీల దగ్గర మౌనం! ఈ తేడా నన్ను చాలా బాధపెడుతుంది. ఆ వచనంలో "ఉపదేశించుటకైనను" సెలవియ్యననే మాట ఉందని నాకు తెలుసు. వాదించాల్సింది దాని మీద, మౌనం మీద కాదు.

ప్రశ్న అడిగినవారు:
అయితే సంఘాల మధ్య గొడవంతా ఈ వచనాలదేనా?

జవాబు:
అంతా కాదు. ఇంగ్లండ్ సంఘం 1994లో స్త్రీలకు గురుపట్టం ఇచ్చింది. అదే ఏడు పోపు రెండో జాన్ పాల్ ఆ అధికారం సంఘానికి లేనేలేదని ప్రకటించారు. ఆయన ప్రధానంగా నిలబడింది ఈ వచనం మీద కాదు, క్రీస్తు తన పన్నెండుమంది అపొస్తలులనూ పురుషుల్లోంచే ఎంచుకున్నాడన్న దాని మీద. స్త్రీలను డీకన్లుగా (సంఘంలో పరిచర్య హోదా ఉన్నవాళ్లుగా) నియమించవచ్చా అనే చర్చలో మాత్రం రోమా 16:1 తప్పకుండా వస్తుంది. కెంక్రేయ సంఘపు ఫీబే అక్కడ "పరిచారకురాలు". మన చెవికి అది పరిచారికలా, సేవ చేసే మనిషిలా వినిపిస్తుంది. ఫిలిప్పీయులకు 1:1లో "అధ్యక్షులకును పరిచారకులకును" అని పౌలు పలకరించింది కూడా అదే మాటతో, గ్రీకులో దియాకొనొస్. అక్కడ హోదాగా చదివి, ఫీబే దగ్గరకొచ్చేసరికి పనిమనిషిగా చదవడం నాకు మింగుడుపడదు.