సమస్యాపూరణం: "తెలుపు పూయకుండ తెలుపు నిలిచె"

నిర్వాహకుడు: ఈసారి సమస్య ఆటవెలది పాదం. స్కాట్లండ్ చిత్రకారుడు క్యాడెల్ వేసిన అయోనా బొమ్మలు చూస్తూ ఇచ్చాను. స్కాట్లండ్ పడమటి తీరంలో చిన్న దీవి అది, 1912లో మొదటిసారి వెళ్ళాడు, ఇక వదల్లేదు, మొదటి ప్రపంచయుద్ధం రోజులు తప్పిస్తే దాదాపు ప్రతి వేసవీ అక్కడే, 1920లో తోటి చిత్రకారుడు పెప్లో కూడా తోడయ్యాడు. ఒకే దీవిని అన్నేళ్ళు గీసిన మనిషి పద్యంలో కనపడాలి.

సభ్యుడు 1:
సుద్ద పూత మీద సొగసుగా నీలమ్ము
చుట్టు నద్ది మధ్య చోటు వదల
దీవి తీరమందు తిన్నెలై మెరియుచు
తెలుపు పూయకుండ తెలుపు నిలిచె

నిర్వాహకుడు: ముడి భలే విప్పారండీ! క్యాడెల్ బోర్డు మీద తెల్లటి సుద్దపూత వేసుకునేవాడు, అది రంగులోని నూనె పీల్చేస్తుంది, అందుకే ఆ బొమ్మల్లో జిడ్డు మెరుపు ఉండదు, వార్నిష్ వేస్తే ఆ పొడిదనం పోతుందని, వెయ్యొద్దని బొమ్మ వెనకాలే రాసిపెట్టేవాడు. తెల్లరంగు అసలు వాడలేదని కాదు, కానీ అడుగున్న తెలుపు వల్లే పై రంగులకి ఆ వెలుగు. "సొగసుగా" మాత్రం యతి కోసం వచ్చినట్టుంది, అక్కడి నీళ్ళలో పచ్చ కలిసిన నీలం ఉంటుంది, అది చెప్తే ఇంకా బాగుండేది.

సభ్యురాలు 2: నేను దీవి నుంచి మనిషి వైపు తిప్పాను.
ఏటి కేడు వచ్చి యెన్నాళ్ళు గీసినా
తీరలేదు దీవి తృష్ణ తనకు
తలను కాల మొకటె తన కుంచె నాడించె
తెలుపు పూయకుండ తెలుపు నిలిచె

సభ్యుడు 3: నెరిసిన జుట్టు ఊహ చాలా నచ్చిందండీ, కానీ కాలం కుంచె ఆడించింది అన్నాక పూయకుండా అంటే పొసగదు కదా? "తలను కాల మొకటె తాకి పోయిన దంతె" అంటే యతి చెడదు, విరోధమూ పోతుంది.

నిర్వాహకుడు: సవరణ బాగుంది. ఆ తృష్ణ ఎందుకు తీరలేదో కూడా పద్యంలో ఉంటే పూర్తవుతుంది అమ్మా. అయోనా ఉత్తరపు కొసన నిలబడితే జలసంధి అవతల మల్ అనే దీవిలో బెన్ మోర్ కొండ, కాసేపు ముదురు నీలం, కాసేపట్లో మబ్బు కమ్మేసి అసలు ఉండదు, కదలకుండా కూర్చున్నా ఎదురుగా కొత్త బొమ్మే. క్యాడెల్, పెప్లో ఇద్దరూ మళ్ళీ మళ్ళీ గీసిన ఆ కొండ ఇంకా ఎవరి పూరణలోకీ రాలేదు, ఎవరైనా పట్టుకోండి, సమస్యని రెండో పాదంగా పెట్టుకున్నా సరే.