పాత స్పీకర్ల ప్రకటనల్లో ఎప్పుడూ ఆ పేర్లేనా?

అమలాపురం_శ్రోత:
సెకండ్‌హ్యాండ్ స్పీకర్ల కోసం రాజమండ్రి, కాకినాడ, భీమవరం ప్రకటనలన్నీ చూస్తున్నానండి. ఎటు చూసినా బోస్, జేబీఎల్, సోనీ. సోనోడైన్ ఎప్పుడో గానీ తగలదు. నచ్చక వదిలించుకుంటున్నారా, లేక ఎక్కువ అమ్ముడైనవే ఎక్కువ కనబడుతున్నాయా?

గట్టుమీద_గంగరాజు:
రెండోదే అసలు కారణం. రోడ్డు మీద ఏ బండి ఎక్కువ తిరిగితే సంతలోకీ అదే ఎక్కువ వస్తుంది. మన వైపు ఇంకోటుంది. కువైట్, దుబాయ్ వెళ్ళినవాళ్ళు వస్తూ వస్తూ సెట్టు తెచ్చేవారు. ఇప్పుడు పిల్లలు ఊళ్ళో లేరు, పెద్దాళ్ళకి దుమ్ము దులపడమే మిగిలింది. అమ్మేస్తున్నారు. సౌండుతో సంబంధం లేదు.

పెనుగొండ_ఫ్యూజు:
సోనీ, సామ్‌సంగ్ హోమ్ థియేటర్ల కథ వేరండి. ప్లేయరు, ఆంప్ (స్పీకర్లని మోగించే ఆంప్లిఫయరు) ఒకే పెట్టెలో ఉంటాయి. అది పోయిందంటే స్పీకర్లు బాగున్నా దిక్కుండదు. చాలావాటి ఇంపిడెన్సు, అంటే కరెంటుకి స్పీకరు చూపే అడ్డు, 3 ఓమ్‌లే. ప్లగ్గు కూడా వాళ్ళదే. బయట దొరికే ఆంప్‌లు ఎక్కువ 6 ఓమ్‌లు, ఆపై వాటికి చేసినవి. అందుకే అంత చవక. టీవీకి పెట్టుకుందామని తీసుకోకండి.

భీమవరం_డాబా:
రొయ్యల రేటు బాగున్న ఏడాది మా వీధిలో టవర్ స్పీకర్లు దిగని ఇల్లు లేదు. హాలంతా గ్రానైటు, కర్టెన్లు ఉండవు, గోడలు బోడిగా ఉంటాయి. ఇక గుయ్యిమనక ఏం చేస్తుంది? హార్న్ ట్వీటర్ (సన్న శబ్దాలకి బాకాలాంటి స్పీకరు) ఉన్న క్లిప్ష్ లాంటివైతే చెవిలో గుచ్చుతాయి. తివాచీ వేసి చూడరు, ‘ఈ కంపెనీ బాగోదు’ అని అమ్మకానికి పెడతారు. నేను అలాంటివే కొన్నాను, పుస్తకాల బీరువాలున్న గదిలో హాయిగా మోగుతున్నాయి.

మైక్‌సెట్టు_మావయ్య:
ఆయ్, బోస్ 901 సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? 1968లో వచ్చిన మోడల్ అది. ఒక్కో బాక్సులో తొమ్మిది స్పీకర్లు, ఎనిమిది వెనక గోడవైపు, ఒక్కటే మనవైపు. గోడకి కాస్త ఎడంగా పెట్టాలి, దాంతో వచ్చే ఈక్వలైజర్ పెట్టె (బేస్, ట్రెబుల్ సరిచేసేది) తగిలించాలి. అది లేకపోతే బేస్ ఉండదు, పైన మెరుపూ ఉండదు. ఇళ్ళు మారడంలో ముందు పోయేది ఆ పెట్టే. కొన్నవాడికి పెదవి విరుపు, మళ్ళీ ప్రకటన.

ఇక స్పీకరులో అదిరే కోను చుట్టూ ఉండే ఫోమ్ అంచు. పదిహేను, ఇరవై ఏళ్ళకి పొడిపొడిగా రాలిపోతుంది, వేడికీ తేమకీ ఇంకా తొందరగా. మన ఉక్క మీకు తెలిసిందే. రబ్బరు అంచైతే చాలాకాలం ఉంటుంది. అంచు చిరిగితే కోను మార్చక్కర్లేదు, కొత్త అంచు అతికించే పనివాళ్ళుంటారు. ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోవాలి.

మా మైక్‌సెట్ల అహూజా హార్న్ యూనిట్లు ప్రకటనల్లోకి రావు చూడండి. డయాఫ్రమ్ (లోపల అదిరే పొర) పోతే మార్చుకుని మళ్ళీ పెళ్ళికి కట్టేస్తాం.

పెనుగొండ_ఫ్యూజు:
జేబీఎల్ అని రాసున్న డీజే బాక్సులన్నీ జేబీఎల్ కాదని కూడా చెప్పు మావయ్యా. జాలీ మీద బిళ్ళ అతికిస్తే ఎవరైనా జేబీఎల్లే. వూఫర్ (బేస్ స్పీకరు) విప్పి చూపిస్తేనే బేరం.

అమలాపురం_శ్రోత:
నేను అడిగినవీ 901లేనండి! ఈక్వలైజర్ ఏదంటే ‘అది లేకపోయినా మోగుతాయి’ అంటున్నాడు.

మైక్‌సెట్టు_మావయ్య:
మోగుతాయి, ఆయన అబద్ధం చెప్పలేదు. అదే సిరీస్‌ది ఈక్వలైజర్ ముందు ఎక్కడైనా దొరికితే అప్పుడు స్పీకర్ల బేరం ఆడు. ఈలోగా అడ్వాన్సు ఇవ్వకు.