అప్‌డేట్: బోరు నీళ్లతో లాన్ స్ప్రింక్లర్లు, ప్రెషర్ సమస్య తీరింది

ఇంటి బోరు మీద 6 స్ప్రింక్లర్లు ఒకేసారి వదిలితే చివరి రెండూ తిరగట్లేదని అడిగాను కదా, తీరింది. డ్రమ్ముతో కొలవమన్నవారికి చాలా థ్యాంక్స్, అసలు కిటుకు అదే. వాల్వు కొంత మూసి, ప్రెషర్ గేజ్ 2 కేజీలు (చదరపు సెంటీమీటరుకు) చూపేలా పెట్టి నీళ్లు పడితే 200 లీటర్ల డ్రమ్ము 5 నిమిషాలకు నిండింది. అంటే నిమిషానికి 40 లీటర్లు. ఒక్కో స్ప్రింక్లర్‌కి నిమిషానికి 12 లీటర్ల చొప్పున ఆరింటికి 72 కావాలి, ఎక్కడ సరిపోతుంది! మూడేసి చొప్పున రెండు లైన్లు చేసి, ఒక్కో లైనుకు బాల్ వాల్వు పెట్టించాను. అరంగుళం పైపు తీసేసి అంగుళంది వేశాం. లైను మార్చేటప్పుడు రెండోది తెరిచాకే మొదటిది మూయండి, లేదంటే ప్రెషర్‌కి జాయింట్లు ఊడొచ్చు. మోటారులోనో, దాన్ని స్టార్ట్ చేసే కెపాసిటర్‌లోనో లోపమేమో అనుకోకండి, వాటికి దీంతో సంబంధమే లేదు. ఒక నాజిల్‌లో మాత్రం సన్న ఇసుక ఇరుక్కుని ఉంది, మెయిన్ పైపు మీద స్క్రీన్ ఫిల్టర్ (జల్లెడ లాంటిది) బిగించాం.