నాలుగేళ్ల కొలువుకు కొడుకును పంపాలా?

పరకాల రైతు:
సైన్యంలో చేరాలని మా అబ్బాయి ఇంటర్ అయ్యాక హనుమకొండలో గది తీసుకున్నాడు. తెల్లవారకముందే స్టేడియంలో పరుగు. 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో ముగిస్తున్నాడు. వాడికి సందేహమే లేదు, ఉన్నదల్లా నాకే. ఇప్పుడు సైన్యంలోకి అగ్నిపథ్ పథకం కింద నాలుగేళ్లకే తీసుకుంటున్నారు, వాళ్లనే అగ్నివీరులంటారు. అలా తీసుకున్నవారిలో నాలుగేళ్ల తర్వాత వందకు 25 మందికి మించి ఉంచుకోరు. మావాడు మిగతా 75 మందిలో ఉంటే? పంపమంటారా?

హసన్‌పర్తి లెక్కల మాస్టారు:
పంపండి. నాలుగేళ్లు ముగిసి బయటికొస్తూ, ఇరవై రెండేళ్లకే పది లక్షల నిధి చేతికొచ్చే ఉద్యోగం మన ఊళ్లలో ఏముంది? దేశం కోణంలోనూ చూడండి. 2025-26 రక్షణ బడ్జెట్ సుమారు 6.81 లక్షల కోట్లు, అందులో 1.60 లక్షల కోట్లు పింఛన్లకే. ఇక ఆయుధాలు దేనితో కొనాలి? నాలుగేళ్లకు వెళ్లిపోయేవాళ్లకు పింఛను భారం ఉండదు.

నర్సంపేట మాజీ హవల్దార్:
మాస్టారు గారూ, నేను ఆ పింఛనుతోనే బతుకుతున్నాను, కాబట్టి పక్షపాతినే అనుకోండి. కానీ మీ పది లక్షలు మళ్లీ లెక్కవేయండి. మొదటి ఏడాది జీతం 30 వేలు, చేతికి 21 వేలు. కోసిన 9 వేలకు ప్రభుత్వం మరో 9 వేలు కలుపుతుంది. అంటే ఆ నిధిలో సగం పిల్లవాడి జీతమే.

డబ్బు అలా ఉంచండి. నేను ఫిరంగి దళంలో పదిహేడేళ్లు చేశాను. మొదటి రెండేళ్లు పెద్దవాళ్ల పనికి అడ్డం పడటమే నా పని. చేయి తిరిగేసరికి నాలుగో ఏడు దాటింది. ఇప్పుడు ఆ సమయానికే ఇంటికి పంపుతున్నారు. పైగా ఒకే గుడారంలో పడుకునే నలుగురిలో ఒక్కడే మిగులుతాడని నలుగురికీ తెలుసు. ఇది నన్ను అన్నిటికన్నా బాధపెడుతుంది.

2025 మేలో నియంత్రణ రేఖ దగ్గర ప్రాణమిచ్చిన మన తెలుగువాడు మురళీ నాయక్ అగ్నివీరుడే. ఇలాంటి కుటుంబాలకు బీమా, పరిహారం ఉన్నాయి కానీ, మామూలు సైనికుడి ఇంటికి వచ్చే పింఛను లేదు. ఈ తేడా ఎందుకో ఎవరైనా చెప్పగలరా?

మాస్టారు:
జీతంలో సగం సంగతి నేను చూసుకోలేదు, ఒప్పుకుంటున్నాను. అమరుల కుటుంబాల విషయంలో మీ మాటే నా మాట. 25 శాతాన్ని పెంచమని అడుగుదాం, పథకమే ఎత్తేయమంటే మాత్రం నేను రాను. కేంద్ర సాయుధ పోలీసు దళాల్లో రిజర్వేషన్ కూడా ఉంది కదా.

ఖానాపురం నిరుద్యోగి:
రిజర్వేషన్ అంటే మళ్లీ దరఖాస్తు, మళ్లీ వరుస. ఆ వరుసల సంగతి నాకు తెలుసు. కరోనాతో నియామకాలు ఆగి, పరుగు, వైద్య పరీక్షలు నెగ్గిన మేము రాత పరీక్ష కోసం ఎదురుచూస్తుండగా 2022 జూన్ 14న ఈ పథకం వచ్చింది. మూడు రోజులకు దీనిపై నిరసనల్లో సికింద్రాబాద్ స్టేషన్‌లో మంటలు, పోలీసు కాల్పులు. చనిపోయిన కుర్రాడు మా వరంగల్ జిల్లావాడే. రైలు తగలబెట్టడం తప్పే, నేను సమర్థించను. నాకిప్పుడు వయసు దాటిపోయింది. రైతు అన్నా, మీవాడిని డిగ్రీకి కూడా కట్టించండి.

పరకాల రైతు:
రాత్రి ఇదంతా వాడికి చదివి వినిపించాను. అంతా విని, "నాన్నా, బూట్లు అరిగిపోయాయి" అన్నాడు. ఆదివారం వెళ్లి కొత్తవి కొనాలి. డిగ్రీ ఫీజూ కడతాను.